లినక్స్‌లో స్క్రీన్ పగ్గాలు కెర్నెల్‌కు అప్పగించడం ఎలా?

లినక్స్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు స్క్రీన్ నల్లగా ఉండిపోతే బూట్ లైన్‌లో (సిస్టమ్ మొదలయ్యేటప్పుడు కెర్నెల్‌కు, అంటే లినక్స్ గుండెకాయకు, ఇచ్చే ఆదేశాల వరుసలో) నోమోడ్‌సెట్ అని చేరుస్తాం. స్క్రీన్ సెట్టింగుల జోలికి పోవద్దని కెర్నెల్‌కు చెప్పే మాట అది. ఉబుంటులో 'సేఫ్ గ్రాఫిక్స్' ఎంచుకున్నా జరిగేది అదే. గండం గడిచాక దాన్ని తీసేయడం మరిచిపోతాం. ఇక రిజల్యూషన్ తక్కువ, వీడియోలు ఈడుపు, రెండో మానిటర్ కనబడదు.

2009లో వచ్చిన 2.6.29 కెర్నెల్‌కు ముందు రిజల్యూషన్, రిఫ్రెష్ రేటు పెట్టే పని విండోలను తెరపై చూపే ప్రోగ్రామ్ ఎక్స్ సర్వర్‌ది. రూట్ అధికారంతో అది హార్డ్‌వేర్‌ను నేరుగా కదిపేది. అదే చిప్ మీద కెర్నెల్ తన కన్సోల్ (అక్షరాలు మాత్రమే ఉండే తెర) నడిపేది. ఒకే బండికి ఇద్దరు డ్రైవర్లన్నమాట! అందుకే కన్సోల్‌కు మారినప్పుడల్లా స్క్రీన్ మిణుకుమనేది. కెర్నెల్ మోడ్ సెట్టింగ్ (కేఎంఎస్) ఆ పనంతా కెర్నెల్‌కే ఇచ్చింది. మొదట ఇంటెల్ చిప్‌లకు, తర్వాత రేడియాన్ (ఏఎండీ), నూవో (ఎన్విడియాకు ఓపెన్ సోర్స్) డ్రైవర్లకు వచ్చింది.

ముందు మీ సిస్టమ్ సంగతి చూడండి. టెర్మినల్‌లో ప్రాక్ ఫోల్డర్‌లోని సీఎండీలైన్ ఫైల్‌ను క్యాట్‌తో చదవండి. నోమోడ్‌సెట్ కనబడిందా, కేఎంఎస్ ఆగి ఉన్నట్టే. సిస్, క్లాస్, డీఆర్ఎం ఫోల్డర్ల వరుసలో హెచ్‌డీఎంఐ, ఈడీపీ లాంటి స్క్రీన్ కనెక్టర్ల పేర్లుంటే అది పనిచేస్తోంది.

వెంటనే ఫైళ్లు మార్చకండి. రీస్టార్ట్ చేసి గ్రబ్ (లినక్స్‌ను మొదలుపెట్టే బూట్‌లోడర్) మెనూలో 'ఇ' నొక్కండి. లినక్స్ అని మొదలయ్యే లైన్‌లో ఆ మాట చెరిపి ఎఫ్10 నొక్కండి. ఈ మార్పు ఒక్క బూట్‌కే, కాబట్టి టెన్షన్ అక్కర్లేదు. స్క్రీన్ రాకపోతే మళ్లీ రీస్టార్ట్ చేస్తే పాత స్థితికే వస్తారు.

అలా నల్లబడితే డ్రైవర్‌ను తిట్టే ముందు ఫర్మ్‌వేర్ (కార్డులోకి డ్రైవర్ ఎక్కించే చిన్న ప్రోగ్రామ్ ఫైళ్లు) చూడండి. ముఖ్యంగా ఏఎండీ కార్డులకు అది లేకపోతే డ్రైవర్ లేవదు. ఉబుంటులో లినక్స్-ఫర్మ్‌వేర్ ప్యాకేజీ, డెబియన్‌లో ఫర్మ్‌వేర్-ఏఎండీ-గ్రాఫిక్స్ వేయాలి. ఏ ఫైల్ దొరకలేదో ఆ నల్లబడిన బూట్ తాలూకు డీమెసేజ్ (కెర్నెల్ సందేశాల) లాగ్‌లో పేరుతో సహా ఉంటుంది. చాలామంది చూడనిది అదే.

స్క్రీన్ బాగా వస్తే ఈటీసీలోని డిఫాల్ట్ ఫోల్డర్‌లో ఉన్న గ్రబ్ ఫైల్‌ను సుడోతో తెరిచి, నోమోడ్‌సెట్ తీసేసి, ఉబుంటు, డెబియన్‌లలో అప్‌డేట్-గ్రబ్ నడపండి. ఎన్విడియా సొంత డ్రైవర్ వాడుతూ వేలాండ్ (ఎక్స్ స్థానంలో వచ్చిన కొత్త డిస్‌ప్లే పద్ధతి) సరిగా రాకపోతే, అదే లైన్‌లో ఎన్విడియా-డీఆర్ఎం డాట్ మోడ్‌సెట్ విలువను 1గా పెట్టండి.

బూట్ లోగో కూడా మొదటి నుంచే పూర్తి రిజల్యూషన్‌లో కావాలంటే, ఈటీసీలోని ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్-టూల్స్ (బూట్ తొలి దశలో వాడే ఫైళ్ల మూటను తయారుచేసే సాధనం) ఫోల్డర్‌లోని మాడ్యూల్స్ ఫైల్‌లో ఇంటెల్‌కు ఐ915, ఏఎండీకి ఏఎండీజీపీయూ అని చేర్చి, అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్‌ను 'యూ' ఆప్షన్‌తో నడపాలి. ఆర్చ్ లినక్స్‌లో ఈ పని చేసే కేఎంఎస్ హుక్ (ఆ మూట తయారీలోని ఒక సెట్టింగ్) ముందే ఉంటుంది.