కేంద్రకం పక్కన బలం ఎంత? కాలిక్యులేటర్ లేకుండా లెక్కేద్దాం

తిరుపతిలో ఏ హాస్టల్ గదిలో చూసినా ఈ లెక్కకి పిల్లలు చేసేది ఒకటే. 9×10⁹ రాస్తారు, 1.6×10⁻¹⁹ రెండుసార్లు రాస్తారు, కింద దూరం వర్గం వేస్తారు, తర్వాత ఆ పవర్లు కూడేటప్పుడు ఎక్కడో ఒక మైనస్ ఎగిరిపోతుంది. ఈఏపీసెట్‌లో కాలిక్యులేటర్ ఎలాగూ ఉండదు కాబట్టి ఆ దారి వదిలేయండి.

కూలుంబ్ స్థిరాంకాన్ని ఎలక్ట్రాన్ ఆవేశం వర్గంతో గుణిస్తే 1.44 ఎంఈవీ-ఫెర్మి వస్తుంది. ఎంఈవీ అంటే పది లక్షల ఎలక్ట్రాన్ వోల్టులు, శక్తికి కొలత; ఫెర్మి అంటే 10⁻¹⁵ మీటరు. ఇదొక్కటి బట్టీ పట్టండి చాలు.

బంగారం కేంద్రకంలో 79 ప్రోటాన్లు. 7.7 ఎంఈవీ శక్తితో రెండు ప్రోటాన్లుండే ఒక ఆల్ఫా కణం సూటిగా దాని మీదికి వస్తోందనుకోండి, కేంద్రకం కదలదనుకోండి. 1.44×2×79 చేస్తే 227.5. దాన్ని 7.7తో భాగిస్తే సుమారు 30 ఫెర్మీలు, అంతకంటే దగ్గరికి రాలేదు. 1911లో రూథర్‌ఫర్డ్ కేంద్రకం చాలా చిన్నదని తేల్చింది కూడా ఈ తరహా లెక్కతోనే. మరి అక్కడ బలం? అదే 227.5ని ఈసారి 30 వర్గంతో, అంటే 900తో భాగించండి, 0.253 వస్తుంది. ఫెర్మికి ఒక ఎంఈవీ అంటే 160 న్యూటన్లు కాబట్టి బలం 40 న్యూటన్లు. నాలుగు కిలోల మదనపల్లె టమోటాల బరువంత, అదీ ఒక్క ఆల్ఫా కణం మీద!

విద్యుత్ క్షేత్రం కావాలంటే ఆల్ఫా తాలూకు 2 తీసేయాలి. మార్కులు పోయేది ఎక్కువగా ఇక్కడే. 1.44×79/900 అంటే 0.126, దాన్ని 10²¹తో గుణిస్తే మీటరుకి 1.26×10²⁰ వోల్టులు. గాలిలో 3×10⁶ దాటితేనే స్పార్క్ వచ్చేస్తుంది, మీరే చూసుకోండి.

ఎలక్ట్రాన్ల సంగతేంటంటారా? బంగారంలో అన్నిటికంటే లోపలి ఎలక్ట్రాన్లు కూడా దాదాపు 670 ఫెర్మీల దూరంలో ఉంటాయి (హైడ్రోజన్‌లో ఎలక్ట్రాన్ దూరం 53,000 ఫెర్మీలు, దాన్ని 79తో భాగించండి, ఉజ్జాయింపుగా). 30 దగ్గర వాటిని పట్టించుకోనక్కర్లేదు.

కేంద్రకం లోపలికి వెళ్తే మాత్రం ఈ సూత్రం పనికిరాదు. బంగారం ద్రవ్యరాశి సంఖ్య 197, దాని ఘనమూలాన్ని 1.2తో గుణిస్తే కేంద్రకం వ్యాసార్ధం వస్తుంది, అంటే 7 ఫెర్మీలు. ఉపరితలం మీద క్షేత్రం 2.3×10²¹, అక్కణ్ణుంచి లోపలికి పోయేకొద్దీ దూరంతో పాటే తగ్గి మధ్యలో సున్నా అవుతుంది. దూరం సున్నా అని పెట్టేసి అనంతం అని రాయకండి.

చేయి తిరగాలంటే హైడ్రోజన్‌తో మొదలుపెట్టండి. 1.44ని ఈవీ-నానోమీటర్లుగా తీసుకున్నా నంబర్ అదే, ప్రోటాన్ నుంచి ఎలక్ట్రాన్ దూరం 0.0529 నానోమీటర్లు. అక్కడ క్షేత్రం మీటరుకి 5.1×10¹¹ వోల్టులు రావాలి. 2.7×10¹⁰ వచ్చిందంటే దూరాన్ని వర్గం చేయలేదన్నమాట.