అమెరికాలో ఫ్లూ సీజన్: జ్వరం రాకముందే చూసుకోవాల్సినవి

అమెరికాలో ఫ్లూ అక్టోబరులో మొదలై, డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఉధృతంగా ఉండి, కొన్నేళ్ళు మే వరకూ సాగుతుంది. సరిగ్గా ఆ నడిమధ్యలో, జనవరి 1న, చాలామంది ఇన్సూరెన్స్ డిడక్టిబుల్ (ఇన్సూరెన్స్ భరించడం మొదలయ్యేముందు ఏడాదిలో మీరు కట్టాల్సిన మొత్తం) లెక్క మళ్ళీ సున్నా నుంచి మొదలవుతుంది. మీ ప్లాన్ డిడక్టిబుల్ 3,000 డాలర్లు, ఆపైన మీ వాటా 20 శాతం అనుకుందాం. జ్వరంతో ఈఆర్‌కి, అంటే ఆసుపత్రి ఎమర్జెన్సీ విభాగానికి, వెళ్తే ఇన్సూరెన్స్ ఒప్పుకున్న ధర 2,400 వచ్చిందనుకోండి. ఏడాదిలో ఒక పురుడో ఆపరేషనో అయ్యి డిసెంబరుకే డిడక్టిబుల్ నిండిపోయి ఉంటే మీరు కట్టేది 480. అదే జ్వరం జనవరి రెండో వారంలో వస్తే మొత్తం 2,400 మీ జేబులోంచే.

ఫ్లూకి మందుల ఖర్చు పెద్దది కాదు. ఖర్చంతా రాత్రి పదకొండింటికి పిల్లాడు 103 జ్వరంతో మూలుగుతుంటే, ఎక్కడికి తీసుకెళ్ళాలో తోచక కంగారులో చేసే పనుల వల్ల వస్తుంది. ఆ రాత్రికి కావాల్సిన నిర్ణయాలన్నీ సెప్టెంబరులోనే చేసి పెట్టుకోవచ్చు.

టీకా, డాక్టరు

ఫ్లూ షాట్ పని చేయడానికి దాదాపు రెండు వారాలు పడుతుంది. కాబట్టి సెప్టెంబరులోనో అక్టోబరులోనో వేయించుకోవాలి. ఆలస్యమైతే మానేయనక్కర్లేదు, జనవరిలో వేయించుకున్నా ఉపయోగమే. ఆరు నెలలు నిండిన అందరికీ వేయొచ్చు, గర్భిణులకు ఏ నెలలోనైనా వేయొచ్చు. ఆఫీసు ఇన్సూరెన్స్ ఉన్నవాళ్ళకు నెట్‌వర్క్‌లో ఉన్న, అంటే ఆ ఇన్సూరెన్స్‌తో ఒప్పందం ఉన్న, ఫార్మసీలోనో క్లినిక్‌లోనో వేయించుకుంటే దాదాపు అన్ని ప్లాన్లలోనూ ఉచితం. నెట్‌వర్క్ బయట వేయించుకుంటే మాత్రం బిల్లు రావచ్చు. మరీ చిన్నపిల్లలకు ఫార్మసీల్లో వేయరు. ఆ వయసు పరిమితి ఒక్కో రాష్ట్రంలో ఒక్కోలా ఉంటుంది, ముందే ఫోన్ చేసి కనుక్కోండి.

తొమ్మిదేళ్ళలోపు పిల్లలకు మొదటిసారి వేయిస్తుంటే ఒక డోసు చాలదు. కనీసం నాలుగు వారాల ఎడంతో రెండు కావాలి. అక్టోబరు ఆఖర్లో మొదటిది వేయిస్తే రెండోది నవంబరు ఆఖర్లో వచ్చే థాంక్స్‌గివింగ్ దాటాకే పడుతుంది, ఈలోగా స్కూల్లో జ్వరాలు మొదలైపోతాయి. అలాంటి పిల్లలకు సెప్టెంబరు మొదట్లోనే మొదలుపెట్టండి. ఇండియాలో ఇదివరకే వేయించి ఉంటే ఆ టీకా కార్డు పీడియాట్రీషియన్‌కి చూపించి రికార్డులో ఎక్కించండి.

పీడియాట్రీషియన్‌నీ, పెద్దవాళ్ళకు ఫ్యామిలీ డాక్టర్‌నీ ఇప్పుడే ఖాయం చేసుకుని ఒకసారి కనిపించి రండి. కొత్త పేషెంట్‌కి అపాయింట్‌మెంట్ దొరకడానికి వారాలు పట్టొచ్చు. పాత పేషెంట్ అయితే జ్వరం వచ్చిన రోజే ఎలాగోలా చూస్తారు. ఏ ఖర్చూ లేకుండా అర్ధరాత్రి సలహా కావాలంటే ఇన్సూరెన్స్ కార్డు వెనక చూడండి. చాలా కార్డుల మీద 24 గంటల నర్స్ లైన్ నంబరు ఉంటుంది. దాన్ని ఇంట్లో అందరి ఫోన్లలోనూ ఎక్కించండి, ముఖ్యంగా డ్రైవింగ్ రాని వాళ్ళ ఫోన్‌లో.

ఇండియా నుంచి భార్యో భర్తో పిల్లలో కొత్తగా దిగితే వెంటనే హెచ్‌ఆర్‌కి చెప్పి ప్లాన్‌లో చేర్చండి. చాలా కంపెనీల్లో గడువు 30 రోజులే. అప్పుడే పుట్టిన బిడ్డకూ అంతే. గడువు దాటితే మళ్ళీ ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్ (ఏటా ప్లాన్ ఎంచుకునే సమయం) దాకా ఆగాలి.

పురిటికి వచ్చే అమ్మానాన్నలు, అత్తమామలు

ఆరు నెలల్లోపు బిడ్డకు ఫ్లూ టీకా లేదు. గర్భంతో ఉండగా తల్లీ, ఆపైన చుట్టూ ఉన్నవాళ్ళూ వేయించుకోవడమే ఆ బిడ్డకు రక్షణ. అందుకని పురుడు చూడ్డానికి చలికాలంలో వచ్చే పెద్దవాళ్ళకు విమానం ఎక్కడానికి రెండు వారాల ముందే హైదరాబాద్‌లోనో విజయవాడలోనో టీకా వేయించండి. విజిటర్స్ ఇన్సూరెన్స్‌లు మామూలుగా టీకాల ఖర్చు ఇవ్వవు. 65 దాటినవాళ్ళకు అమెరికాలో హై డోస్ టీకా సిఫార్సు చేస్తారు గానీ, చేతి డబ్బుతో వేయించుకుంటే అది మామూలు షాట్ కంటే బాగా ఖరీదు.

విజిటర్స్ ఇన్సూరెన్స్‌లో రెండు రకాలున్నాయి, తేడా తెలియక కొనేవాళ్ళే ఎక్కువ. ఫిక్స్‌డ్ బెనిఫిట్ ప్లాన్ చవగ్గా ఉంటుంది, కానీ డాక్టర్ విజిట్‌కి ఇంత, ఆసుపత్రిలో రోజుకి ఇంత అని ముందే రాసుకున్న మొత్తం మాత్రమే ఇస్తుంది. మిగతాదంతా మీదే. న్యుమోనియాతో నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉండాల్సి వస్తే ఆ ప్లాన్ ఏ మూలకూ రాదు. కాంప్రహెన్సివ్ ప్లాన్ అయితే డిడక్టిబుల్ పోను, చాలావాటిలో మొదటి 5,000 డాలర్ల దాకా 80 శాతం, ఆపైన పాలసీ పరిమితి వరకూ 100 శాతం భరిస్తుంది. ఉబ్బసం, షుగర్, గుండె జబ్బు ఉన్న పెద్దవాళ్ళకు రెండోదే తీసుకోండి. అందులోనూ ముందునుంచీ ఉన్న జబ్బు అకస్మాత్తుగా తిరగబెడితే ఇస్తారా, ఏ వయసు దాకా ఇస్తారు, ఎన్ని గంటల్లోగా వైద్యం మొదలవ్వాలి అన్న మూడూ చదివాకే కొనండి. చాలా పాలసీల్లో లక్షణం కనిపించిన 24 గంటల్లోగా వైద్యం మొదలవ్వాలన్న షరతు ఉంటుంది. "రేపు చూద్దాంలే" అని రెండు రోజులు ఓర్చుకున్న పెద్దావిడ క్లెయిమ్ దగ్గర చిక్కులో పడేది ఇందుకే. జ్వరం వచ్చాక కొన్న పాలసీ ఆ జ్వరానికి పనికిరాదు.

బయలుదేరేముందు వాళ్ళ డాక్టరు దగ్గర ఇంగ్లీషులో ఒక కాగితం రాయించండి: జబ్బుల పేర్లు, మందుల జెనరిక్ పేర్లు, మోతాదులు. షుగర్ ఉన్నవాళ్ళు మరో ప్రశ్న అడిగి రావాలి. జ్వరం వచ్చి తిండి సయించని రోజుల్లో ఏ మాత్ర ఆపాలి, ఏది వేసుకోవాలి? ముఖ్యంగా డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటివి వాడుతూ తిండి మానేస్తే రక్తంలో కీటోన్లు ప్రమాదకరంగా పెరగొచ్చు. అప్పుడు షుగర్ రీడింగ్ మరీ ఎక్కువగా కనిపించకపోవచ్చు కాబట్టి ఇంట్లోవాళ్ళకు అనుమానం రాదు.

మందుల డబ్బా

థర్మామీటరు, పల్స్ ఆక్సీమీటరు, ఓఆర్‌ఎస్ పొట్లాలు, ఫ్లూ–కోవిడ్ రెండూ చూసే ఇంటి టెస్ట్ కిట్లు రెండో మూడో, టైలెనాల్, పిల్లలకు సిరప్, కొలత ఉన్న సిరంజి. ఇవన్నీ ఎఫ్‌ఎస్‌ఏ, హెచ్‌ఎస్‌ఏ (వైద్యం ఖర్చుల కోసం పన్ను లేకుండా డబ్బు పక్కన పెట్టుకునే ఖాతాలు) డబ్బుతో కొనొచ్చు. 2020 నుంచి మామూలు జ్వరం మందులకు ప్రిస్క్రిప్షన్ కూడా అడగరు. ఈ రెంటిలో ఒక తేడా ఉంది. ఎఫ్‌ఎస్‌ఏలో ఏడాదికి మీరు రాసిన మొత్తం జనవరి మొదటి రోజునుంచే వాడుకోవచ్చు. హెచ్‌ఎస్‌ఏలో అప్పటిదాకా జమ అయినంతే వాడగలరు. డిడక్టిబుల్ ఎక్కువున్న ప్లాన్ తీసుకుంటే డిసెంబరుకల్లా హెచ్‌ఎస్‌ఏలో కొంత మిగిలేలా చూసుకోండి.

మన ఇళ్ళలో పొరపాట్లు ఎక్కువగా జరిగేది సూట్‌కేసులో వచ్చిన మందులతో. అమెరికాలో టైలెనాల్ అన్నా, మనం వాడే డోలో, కాల్పాల్, క్రోసిన్ అన్నా ఒకటే మందు, పారాసెటమాల్. ఇక్కడి పిల్లల సిరప్ 5 మి.లీ.కి 160 మి.గ్రా. ఇండియా సిరప్ 5 మి.లీ.కి 120 ఉండొచ్చు, 250 ఉండొచ్చు. పసిపిల్లల డ్రాప్స్ అయితే 1 మి.లీ.కే 100 మి.గ్రా., అంటే ఇక్కడి సిరప్ కంటే మూడు రెట్లు గాఢం. ఇక్కడి డాక్టరు "5 మి.లీ. వేయండి" అంటే అది 160 లెక్క. అదే 5 మి.లీ. ఆ డ్రాప్స్ సీసాలోంచి వేస్తే 500 మి.గ్రా. పడుతుంది. సీజన్ మొదలవగానే ఇండియా డ్రాప్స్ సీసా తీసి పక్కన పెట్టేయండి. ఇక్కడి సిరప్ ఒక్కటే ఉంచి, సీసా మీద పిల్లాడి బరువు, మోతాదు స్కెచ్‌పెన్నుతో రాయండి. కిలోకి 10 నుంచి 15 మి.గ్రా. చొప్పున, 12 కిలోల పిల్లకు 5 మి.లీ. సరిపోతుంది. నాలుగు గంటలకు తక్కువ ఎడం ఉండకూడదు, 24 గంటల్లో ఐదుసార్లు మించకూడదు.

పెద్దవాళ్ళ విషయంలో పొరపాటు ఇంకోలా జరుగుతుంది. డోలో 650 వేసుకుని, రాత్రి నిద్ర పట్టాలని 30 మి.లీ. నైక్విల్ తాగుతారు. అందులోనూ 650 మి.గ్రా. పారాసెటమాలే ఉంటుంది. ఒకేసారి 1,300 పడ్డట్టు. జలుబు మందు ఏది కొన్నా వెనక ఎసిటమినోఫెన్ అని ఉందేమో చూడండి, అది పారాసెటమాల్‌కి ఇక్కడి పేరు. అన్నీ కలిపి రోజుకి 3,000 మి.గ్రా. దాటకుండా ఉంటే కాలేయానికి మంచిది. ముక్కుదిబ్బడ తగ్గించే సూడోఎఫెడ్రిన్, ఫినైల్ఎఫ్రిన్ బీపీ పెంచుతాయి. బీపీ ఉన్న నాన్నగారికి మీరు వేసుకునే మాత్రే ఇవ్వకండి. మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్ళకు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళకు ఐబుప్రోఫెన్ వద్దు.

పిల్లలకు ఆస్పిరిన్ ఏ రూపంలోనూ వద్దు. ఫ్లూతో కలిస్తే మెదడును, కాలేయాన్ని దెబ్బతీసే రేస్ సిండ్రోమ్ రావచ్చు. ఏడాది లోపు తేనె, నాలుగేళ్ళ లోపు దగ్గు, జలుబు సిరప్‌లు వద్దు. కర్పూరం రాయడం, రెండేళ్ళ లోపు పిల్లలకు విక్స్ పూయడం మానేయండి, కర్పూరం కడుపులోకి పోతే ఫిట్స్ వస్తాయి. మరిగే నీళ్ళ గిన్నె పెట్టి దుప్పటి కింద ఆవిరి పట్టించడంలో ఒళ్ళు కాలే ప్రమాదమే ఎక్కువ. గంజి, జావ, చారన్నం, ఓఆర్‌ఎస్ ఎన్నిసార్లు పట్టించినా మంచిదే. దాచిపెట్టిన అజిత్రోమైసిన్, ఆగ్మెంటిన్ ఫ్లూ మీద పనిచేయవు.

ఎప్పుడు, ఎక్కడికి

టెస్ట్‌లో ఫ్లూ అని వస్తే గడియారం చూసుకోండి. ఒసెల్టామివిర్, అంటే టామిఫ్లూ, లక్షణాలు మొదలైన 48 గంటల్లో మొదలుపెడితే బాగా పనిచేస్తుంది. పెద్దలకు 75 మి.గ్రా. రోజుకి రెండుసార్లు, ఐదు రోజులు. పిల్లలకు బరువును బట్టి. ఐదేళ్ళ లోపు పిల్లలు (రెండేళ్ళ లోపైతే మరీ), 65 దాటినవాళ్ళు, గర్భిణులు, ఉబ్బసం, షుగర్, గుండె జబ్బు ఉన్నవాళ్ళు ఆలస్యం చేయకుండా డాక్టర్‌ని అడగాలి. దీనికి టెలీహెల్త్ (ఫోన్‌లోనో వీడియోలోనో డాక్టర్‌తో మాట్లాడటం) చాలు. అన్నం తిన్నాక వేస్తే వాంతులు తక్కువ. సీజన్ మధ్యలో పిల్లల సిరప్ దొరక్కపోతే, క్యాప్సూల్ విప్పి చాక్లెట్ సిరప్‌లో కలిపి ఇవ్వొచ్చా, ఎంత ఇవ్వాలి అని ఫార్మసిస్ట్‌ని అడగండి. జెనరిక్ రాయించుకుని, గుడ్‌ఆర్‌ఎక్స్ లాంటి కూపన్ ధరతో ఇన్సూరెన్స్ ధరను పోల్చి చూడండి, ఒక్కోసారి కూపనే చవక.

ఇప్పుడు చెప్పే లక్షణాల్లో ఏది కనిపించినా డబ్బు లెక్క పక్కన పెట్టి ఈఆర్‌కి వెళ్ళండి: 12 వారాల లోపు బిడ్డకు 100.4 ఫారెన్‌హీట్ జ్వరం, పక్కలెగరేయడం, పెదాలు నీలంగా మారడం, ఎనిమిది గంటలుగా మూత్రం రాకపోవడం, పలకరించినా పలకకపోవడం, ఫిట్స్, మందుకు లొంగని 104 జ్వరం. పెద్దలకైతే ఆయాసం, ఛాతీ నొప్పి, తికమకగా మాట్లాడటం. తగ్గిందనుకున్న జ్వరం, దగ్గు మళ్ళీ ఎక్కువై తిరిగొస్తే కూడా. ఇన్సూరెన్స్ ఉన్నా లేకున్నా ఈఆర్‌లో ముందు పరీక్ష చేసి, ప్రాణాపాయం లేకుండా చూడాల్సిందే, 1986 నుంచి చట్టం అది.

మిగతా జ్వరాలకు డాక్టరు, టెలీహెల్త్, అర్జెంట్ కేర్ (అపాయింట్‌మెంట్ లేకుండా చూసే క్లినిక్) సరిపోతాయి. మీ ఇంటికి దగ్గర్లో నెట్‌వర్క్‌లో ఉన్న అర్జెంట్ కేర్లు రెండు, వాటి వేళలతో సహా ఫ్రిజ్ మీద రాసి అంటించండి. డాలస్, హ్యూస్టన్ వైపు ఉన్నవాళ్ళు బోర్డు జాగ్రత్తగా చదవాలి. షాపింగ్ సెంటర్లలో అర్జెంట్ కేర్‌లాగే కనిపించే విడి ఈఆర్‌లు టెక్సస్‌లో చాలా ఉన్నాయి. బోర్డు మీద ఎమర్జెన్సీ అన్న మాట ఉంటే బిల్లు ఈఆర్ బిల్లే. లోపలికి వెళ్ళాక, "ఫ్లూ, కోవిడ్ వరకే టెస్ట్ చేస్తే సరిపోతుందా?" అని డాక్టర్‌ని అడగండి. ఇరవైకి పైగా క్రిములను ఒకేసారి చూసే పెద్ద ప్యానెల్ చేస్తే ల్యాబ్ నుంచి విడిగా పెద్ద బిల్లు వస్తుంది, మామూలు ఫ్లూకి చికిత్స మాత్రం మారదు.

బిల్లులు

ఈఆర్‌కి వెళ్తే ఒక్క బిల్లుతో పోదు. ఆసుపత్రిది ఒకటి, డాక్టర్లది ఒకటి, ఎక్స్‌రే చదివినవాళ్ళదీ ల్యాబ్‌దీ వేరే రావచ్చు. ఇన్సూరెన్స్ నుంచి ఈఓబీ (వాళ్ళెంత ఇచ్చారు, మీ వాటా ఎంత అని చెప్పే కాగితం) వచ్చేదాకా దేనికీ డబ్బు కట్టకండి. మీరు కట్టాల్సినదని ఈఓబీలో ఉన్న అంకె, బిల్లు మీద అంకె ఒకటేనా అని చూడండి. కలవకపోతే ఒక్కో ఖర్చూ విడిగా రాసిన ఐటమైజ్డ్ బిల్లు అడగండి. ఎమర్జెన్సీలో నెట్‌వర్క్ బయటి ఆసుపత్రికి వెళ్ళినా మామూలు ఇన్సూరెన్స్ ఉన్నవాళ్ళు నెట్‌వర్క్ లెక్క ప్రకారమే కట్టాలని 2022 జనవరి నుంచి చట్టం ఉంది. రోడ్డు మీద వచ్చే అంబులెన్స్‌కు మాత్రం ఆ చట్టం వర్తించదు.

ఫ్లూ సీజన్‌లో ఉద్యోగం పోతే ఇన్సూరెన్స్ ఆ రోజుతోనే ఆగుతుందా, నెలాఖరు దాకా ఉంటుందా అని హెచ్‌ఆర్‌ని రాతపూర్వకంగా అడగండి. 20 మంది, అంతకుమించి పనిచేసే కంపెనీ అయితే కోబ్రా (పాత ఆఫీసు ఇన్సూరెన్స్‌నే సొంత డబ్బుతో కొనసాగించుకునే వీలు) తీసుకోవడానికి 60 రోజుల గడువుంటుంది. ఆ గడువులో ఎప్పుడు ఎంచుకున్నా ఇన్సూరెన్స్ ఆగిన రోజునుంచే వర్తిస్తుంది, ఎంచుకున్నాక మొదటి ప్రీమియం కట్టడానికి మరో 45 రోజులు. ఆ మధ్యలో ఎవరూ ఆసుపత్రి పాలు కాకపోతే తీసుకోనక్కర్లేదు. ఎవరైనా ఆసుపత్రి పాలైతే మాత్రం ఇన్సూరెన్స్ ఆగిన రోజునుంచీ ప్రీమియాలన్నీ కట్టి తీసుకోవచ్చు.

అమ్మానాన్నలకు వచ్చిన ఆసుపత్రి బిల్లు విజిటర్స్ ఇన్సూరెన్స్ పోగా ఇంకా మిగిలితే, ముందు సెల్ఫ్ పే తగ్గింపు (చేతి డబ్బుతో కట్టేవాళ్ళకు ఇచ్చేది) అడగండి. ఆ ఆసుపత్రి నాన్‌ప్రాఫిట్ అయితే ఫైనాన్షియల్ అసిస్టెన్స్ ఫారం అడిగి నింపండి. ఇది ఆసుపత్రి ఇచ్చే తగ్గింపు. ఎవరికి ఎంత ఇస్తారన్నది ఆసుపత్రి పాలసీలో రాసి ఉంటుంది, విజిటర్లు అందులోకి వస్తారో లేదో చదవండి. డిశ్చార్జ్ తర్వాత మొదటి బిల్లు వచ్చిన రోజునుంచి కనీసం 240 రోజుల దాకా ఆ దరఖాస్తు తీసుకోవాలి. బిల్లు ఈలోగా కలెక్షన్స్‌కి (బాకీ వసూలు చేసేవాళ్ళకి) వెళ్ళినా సరే, గడువులో ఉంటే దరఖాస్తు పెట్టండి.