వీడియో చూస్తూ ఇంట్లోనే వ్యాయామం: మొదలుపెట్టేవాళ్లకు

వీడియోలో చేయించే మనిషికి మనం కనపడం. మన మోకాలు పక్కకు ఒరిగినా, నడుము వంగిపోయినా ఆవిడ సరిదిద్దలేదు. అందుకే కొత్తవాళ్లకు నేను ముందుగా చెప్పేది ఒకటే: ఏ వీడియో అయినా మొదటిసారి కూర్చుని చివరిదాకా చూడండి. ఎక్కడ గెంతాలో, ఎక్కడ నేల మీద పడుకోవాలో ముందే తెలిస్తే మధ్యలో కంగారు ఉండదు. పైన ‘బిగినర్’ అని రాసి ఉన్నా సరే, ఐదు నిమిషాలు కాకముందే గెంతులు మొదలైతే పక్కన పెట్టేయండి.

మొదటి రెండు వారాలకు ఉన్నచోటే నడిపించే వీడియోలు మంచివి. మా వదిన చేత అమెరికా వ్యాయామ శిక్షకురాలు లెస్లీ శాన్సోన్ చేయించే ‘ఒక మైలు నడక’ వీడియోతోనే మొదలుపెట్టించాను. పావుగంట పని. ఉన్నచోట అడుగులు వేయడం, పక్కకు జరగడం, కాలు ముందుకు విసరడం, మోకాలు పైకెత్తడం, వీటినే మార్చి మార్చి చేయిస్తారు. ఇంగ్లీషు రాకపోయినా చూస్తూ చేసేయొచ్చు.

రెండు చేతులూ చాచి చుట్టూ తిరిగితే ఏదీ తగలనంత చోటు చాలు. టైల్స్ మీద సాక్సులతో వద్దు, జారతారు. జంపఖానా కూడా జారుతుంది; బూట్లు వేసుకోండి, లేదా యోగా మ్యాట్ పరచుకోండి. ఫోన్ కింద పెడితే అరగంటా మెడ వంచే ఉంచాలి, కాబట్టి కళ్ల ఎత్తులో పెట్టండి. వేగం అందకపోతే యూట్యూబ్ సెట్టింగ్స్‌లో ప్లేబ్యాక్ స్పీడ్ 0.75కి తగ్గించుకోవచ్చు.

స్క్వాట్, అంటే కూర్చున్నట్టు కిందికి దిగి లేవడం, మాత్రం కుర్చీతోనే నేర్చుకోండి. డైనింగ్ కుర్చీని గోడకు ఆనించి, దాని ముందు నిలబడండి. పాదాలు భుజాలంత ఎడంగా, వేళ్లు కాస్త బయటికి. ముందు మోకాళ్లు వంచకండి, పిరుదుల్ని వెనక్కి తోయండి. మెల్లగా దిగి కుర్చీ తగలగానే, ఊపిరి వదులుతూ లేవండి. మడమలు నేలను వదలకూడదు. మోకాళ్లు కాలివేళ్ల వైపే చూడాలి, ఒకదాని వైపు ఒకటి వాలకూడదు. ఇది తెలియడానికి పక్కన ఒక అద్దం ఉంటే ఎంతో మేలు. ఎనిమిది సార్లు శుభ్రంగా వస్తే ఆ రోజుకి చాలు. వీడియోలో ఇరవై చేస్తుంటే చేయనివ్వండి.

పుషప్స్ వంటగది గట్టు మీద చేతులు ఆనించి చేయండి. చేతులు పైకెత్తుతూ, కాళ్లు ఎడం చేస్తూ గెంతే జంపింగ్ జాక్స్‌కి బదులు ఒక్కో కాలూ పక్కకు వేస్తే సరిపోతుంది, కింది ఫ్లోర్ వాళ్లకూ ఇబ్బంది ఉండదు.

ఎంత కష్టపడాలంటే, చేస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు వారానికి కనీసం 150 నిమిషాలు అంటుంది. అక్కడికి నెమ్మదిగా వెళ్లొచ్చు; మొదట రోజుకి పదిహేను నిమిషాలైనా మంచిదే.

మర్నాడు మెట్లు దిగుతుంటే తొడలు పట్టేసినట్టు ఉంటాయి. టెన్షన్ పడకండి, రెండు మూడు రోజుల్లో పోతుంది. కీలు దగ్గర పొడిచినట్టు నొప్పి వస్తే మాత్రం ఆ కదలిక ఆపేయాలి. ఛాతీ పట్టేసినా, కళ్లు తిరిగినా వెంటనే ఆపి డాక్టర్ని కలవాలి. గుండె జబ్బు ఉన్నవాళ్లు, ఇన్సులిన్ తీసుకునేవాళ్లు మొదలుపెట్టకముందే డాక్టర్ని అడగండి.

చివర్లో కాళ్లూ చేతులూ సాగదీయించే ఐదు నిమిషాలుంటాయి. చాలామంది అక్కడ వీడియో కట్టేసి వంటింట్లోకి పరుగెడతారు. ఆ సాగదీయడం కూడా చేయండి, టిఫిన్ ఐదు నిమిషాలు ఆలస్యమైతే ఏమీ కాదు.