ట్రైనింగ్‌కి పంపాం, పని మాత్రం మారలేదు: లోపం ఎక్కడ?

కౌంటర్ దగ్గర క్యూ తగ్గకపోతే మొదట వినబడే మాట: "ఇంకో ట్రైనింగ్ పెట్టిద్దాం సార్." తిరుపతిలో ఒక యూనివర్సిటీ పరీక్షల విభాగంలో ఏళ్ల తరబడి పనిచేసినవాణ్ణి. ఆ ఆర్డరు టైపు చేయించే ముందు ఇవి చూసుకోండి.

సమస్య: శిక్షణ అయ్యాక కూడా పని పాత పద్ధతిలోనే

కారణం చాలాసార్లు మనిషిలో ఉండదు, అతని టేబుల్ మీద ఉంటుంది. మా సెక్షన్‌లో ఒక జూనియర్ అసిస్టెంట్ ఐదు రోజుల కంప్యూటర్ శిక్షణకు వెళ్లొచ్చాడు. బాగానే నేర్చుకున్నాడు. సోమవారం సీట్లో కూర్చుంటే, లాగిన్ ఇంకా బదిలీ అయిపోయినాయన పేరు మీదే ఉంది. పైగా సూపరింటెండెంట్ గారు, "అది తర్వాత చూద్దాంలే, ముందు రిజిస్టర్లో ఎక్కించు నాయనా" అన్నారు. పగలంతా రిజిస్టరు, లాగిన్ వచ్చాక సాయంత్రం అదే మళ్లీ కంప్యూటర్లో. నెల తిరక్కుండానే సగం మర్చిపోయాడు. నేర్చుకున్నది పనిలోకి దిగాలంటే పైవాళ్ల తోడ్పాటూ, వాడే అవకాశమూ ఉండాలని బాల్డ్విన్, ఫోర్డ్ అనే పరిశోధకులు 1988లోనే రాశారు. మా సెక్షన్‌లో రెండూ లేవు.

పరిష్కారం: మనిషిని పంపకముందే లాగిన్ మార్పించండి. రెండుచోట్ల రాసే పనిలో ఒకటి ఆపుతూ కాగితం మీద ఉత్తర్వు ఇవ్వండి. నోటిమాట చాలదు, రేపు ఆడిట్‌కి జవాబు చెప్పుకోవాల్సింది ఆ గుమాస్తాయే. సూపరింటెండెంట్‌నీ ఒక పూట ఆ క్లాసులో కూర్చోబెట్టండి. ఖర్చు లేని మందు ఇదే, ఎవరూ వాడరు.

సమస్య: క్లాసులో అంతా వచ్చు, కౌంటర్లో తడబాటు

కారణం: నేర్పింది తేలిక కేసు. 2021లో వచ్చిన అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్‌నే తీసుకోండి, విద్యార్థి చదువులో సంపాదించిన క్రెడిట్లు జమచేసే ఆన్‌లైన్ ఖాతా అది. స్లైడ్ మీద విద్యార్థి పేరు అన్నిచోట్లా ఒకటే. మన కిటికీ దగ్గరికొచ్చే పిల్లాడు టెన్త్ మెమోలో ఎం.రెడ్డెప్ప, ఆధార్‌లో రెడ్డెప్ప మేకల. ఇంటిపేరు ముందా, వెనకా, పొడి అక్షరమా? అక్కడే పని ఆగుతుంది.

పరిష్కారం: గత నెలలో వెనక్కొచ్చిన ఇరవై దరఖాస్తులే పాఠ్యపుస్తకం. వాటిని దారిన పెట్టిన పాత గుమాస్తా చేత చెప్పించండి.

సమస్య: అధ్యాపకుల రిఫ్రెషర్ అయింది, పాఠం మారలేదు

కారణం అందరికీ తెలిసిందే, ప్రమోషన్ ఫైలుకు సర్టిఫికెట్ కావాలి. 1986 విద్యా విధానం తర్వాత అధ్యాపకుల శిక్షణకు వచ్చిన అకడమిక్ స్టాఫ్ కాలేజీల పేరు మారుతూ 2023 నుంచి మాలవీయ మిషన్ కేంద్రాలయింది, ఫైలు అవసరం మాత్రం అలాగే ఉంది. (మన ఊళ్లో కోర్సంటే బయటి జిల్లాలవాళ్లకు ఇంకో ఆకర్షణ ఉంది. మూడో రోజుకల్లా చర్చంతా దర్శనం టికెట్ల మీదే.)

పరిష్కారం: శిక్షణ ఫలితాన్ని నాలుగు మెట్లలో చూడాలన్నాడు కిర్క్‌ప్యాట్రిక్ అనే అమెరికన్ నిపుణుడు, 1959లో: నచ్చిందా, నేర్చుకున్నారా, పనితీరు మారిందా, సంస్థకు ఫలితం వచ్చిందా. మనం ఫీడ్‌బ్యాక్ ఫారంతో మొదటి మెట్టు మీదే ఆగిపోతాం. ఒక సెమిస్టర్ ఆగి, కోర్సుకు వెళ్లొచ్చిన అధ్యాపకుడి పాత ప్రశ్నపత్రాన్నీ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టి చూడండి.

సమస్య: అందరికీ శిక్షణ ఇచ్చినా ఫిర్యాదులు తగ్గలేదు

శిక్షణ జాబితాను కౌంటర్ డ్యూటీ చార్టుతో పోల్చండి. కిటికీ వెనక కూర్చునేది ఔట్‌సోర్సింగ్ అమ్మాయి, జాబితాలో ఆమె పేరే ఉండదు. ముందు ఆ పేరు చేర్చండి.