అక్షరాల తారుమారుకు ఒక చిట్కా

కావలిలో మా మిత్రబృందం రాత్రిపూట ఫోనులోనే పదాల తారుమారు పోటీ పెట్టుకుంటుంది. మీరూ ఆడుతుంటే ఇది ప్రయత్నించండి. చెదిరిన అక్షరాలను వరుసగా రాయకండి. కాగితం మీద గుండ్రంగా రాసి, ముందు చివరి అక్షరాన్ని పట్టుకోండి. నాలుగు వేర్వేరు అక్షరాలను 24 విధాలుగా అమర్చవచ్చు. చివరిది తేలితే మిగిలేవి 6 మాత్రమే. మొన్న క, లు, ప, ల వచ్చాయి. ‘లు’ను చివరికి నెట్టగానే ‘పలకలు’ కళ్ల ముందు నిలిచాయి, చిన్నప్పుడు దిద్దిన మార్కాపురం పలకలే! ‘లు’ తీసేసి వెనక నుంచి చదివితే ‘కలప’ కూడా దొరికింది. గుణింతాన్ని మాత్రం విడదీయవద్దు. ‘కి’ వేరు, ‘క’ వేరు. సాధనకు ఊరి పేర్లు ఎంతో బాగుంటాయి. మా జిల్లాలోని కలిగిరిని కలిపి చూడండి: కరి, గిలి!