చెమట కనిపించని ఎండ: థార్ ఎడారికి వెళ్ళేవారికి జాగ్రత్తలు

రెంటచింతల, రామగుండం ఎండలు చూసినవాళ్ళకు జైసల్మేర్ ఎండ ఒక లెక్కా అనుకుని ఏప్రిల్ నెలాఖరులో బయలుదేరిన వారిలో నేనూ ఒకడిని. జైసల్మేర్ దగ్గరి సమ్ ఇసుక తిన్నెల మీద రెండు గంటలు తిరిగినా చొక్కా తడవకపోవడంతో ఆ ఎండ నా ఒంటికి పడిందనుకున్నాను. బసకు వచ్చి చొక్కా విప్పి చూస్తే వీపు భాగమంతా ఉప్పు చారలు తెల్లగా ముగ్గు వేసినట్టు ఉన్నాయి, తల దిమ్ముగా ఉంది, మధ్యాహ్నం నుంచి మూత్రానికి వెళ్ళలేదన్న సంగతి అప్పుడు గాని గుర్తుకు రాలేదు. మన కోస్తాలో గాలిలో తేమ ఎక్కువ కాబట్టి చెమట ఒంటిమీదే నిలిచి మనల్ని హెచ్చరిస్తుంది. ఎడారి పొడిగాలిలో అది పట్టిన మరుక్షణమే ఆరిపోతుంది కనుక, ఒంట్లోని నీరు ఎంత పోతున్నదో మనిషికి తెలియదు.

అందువల్ల అక్కడ దాహం వేసేదాకా ఆగకూడదు. పావుగంటకో ఇరవై నిమిషాలకో నాలుగు గుక్కలు తాగుతూ ఉండాలి. వట్టి నీళ్ళే లీటర్లకొద్దీ తాగితే ఒంట్లో ఉప్పు పలచబడే ప్రమాదం ఉంది కనుక ఓఆర్ఎస్ పొట్లాలు వెంట ఉంచుకోవడం మంచిది. అవి దొరకనప్పుడు లీటరు మంచినీటిలో ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు, రెండూ తలకొట్టుగా కొలిచి కలుపుకోవచ్చు. రక్తపోటు, గుండె, మూత్రపిండాల సమస్యలున్నవారు మాత్రం ఈ విషయం బయలుదేరకముందే వైద్యుణ్ణి అడగాలి. మూత్రం ముదురు పసుపు రంగులో వస్తున్నదంటే తాగుతున్న నీరు చాలడం లేదని అర్థం. తోటి మనిషి మాట తడబడుతున్నా, పొంతన లేకుండా మాట్లాడుతున్నా అది వడదెబ్బ అని అనుమానించి వెంటనే నీడకు చేర్చి, ఒంటిమీద నీళ్ళు పోసి విసురుతూ, 108కి ఫోన్ చేయాలి. స్పృహ సరిగా లేనివారి నోట్లో నీళ్ళు పోయకూడదు.

వీలైతే ప్రయాణాన్ని నవంబరు, ఫిబ్రవరి నెలల మధ్య పెట్టుకోవడమే ఉత్తమం. జోధ్‌పూర్ నుంచి జైసల్మేర్ వెళ్ళే రైలు దారిలోని ఫలోదీలో 2016 మే 19న 51 డిగ్రీల ఉష్ణోగ్రత నమోదైంది. వేసవిలో వెళ్ళక తప్పనివారు ఉదయం పది నుంచి సాయంత్రం ఐదు వరకు గది దాటకపోవడం మేలు. అక్కడి ఒంటెల కాపరులు ఎండలో ఒళ్ళంతా కప్పే వదులైన నూలు బట్టలు వేసుకుని, తలకు బారెడు పాగా చుట్టుకుంటారు. పొట్టి చేతుల చొక్కాలతో తిరిగేది మనలాంటి పర్యాటకులే. చలికాలంలోనైతే పొద్దు వాలగానే ఇసుక వేగంగా చల్లబడి, తెల్లవారుజామున వణుకు పుడుతుంది కనుక స్వెట్టరు, మంకీ టోపీ తప్పనిసరి. గుడారాల్లో పడుకునేవారు పొద్దున్నే బూట్లను తలకిందులుగా దులిపిన తరువాతే కాలు పెట్టాలి, ఎందుకంటే తేళ్ళకు అవి ఇష్టమైన చోట్లు. చీకటి పడ్డాక టార్చిలైటు లేకుండా తిన్నెల మీద నడవకూడదు.

ఒంటె లేచేటప్పుడు మొదట వెనక కాళ్ళు లేపుతుంది కాబట్టి ఎక్కినవారు ముందుకు తూలిపడతారు. కూర్చునేటప్పుడు మొదట ముందు కాళ్ళు మడుస్తుంది కనుక అప్పుడూ అంతే. రెండుసార్లూ జీను గట్టిగా పట్టుకుని వెనక్కి వాలాలి.

జైసల్మేర్ నుంచి తనోట్ మాత గుడి దాదాపు 120 కిలోమీటర్లు. సరిహద్దు దారి కనుక గుర్తింపు కార్డు దగ్గర ఉంచుకోవాలి, ఊరు దాటకముందే పెట్రోలు నింపించుకోవాలి. తిరిగి ఎప్పటికి వస్తారో బసలో చెప్పి వెళ్ళడం మరవకూడదు. కారు చక్రాలు ఇసుకలో కూరుకుపోతే ఎక్సలేటరు తొక్కినకొద్దీ ఇంకా లోతుకు దిగుతాయి. టైర్లలో కొంత గాలి తీసి, చక్రాల ముందు ఇసుక తవ్వి, కాళ్ళ కింద వేసుకునే రబ్బరు చాపలను పరిచి మెల్లగా కదిలించాలి. అప్పటికీ రాకపోతే సాయం కోసం నడిచి పోకుండా కారు నీడలోనే ఉండాలి, ఎందుకంటే దూరం నుంచి వెతికేవారి కంటికి మనిషికన్నా కారు త్వరగా కనిపిస్తుంది.