లేఆఫ్ తర్వాత జాబ్ వెతకడం: మార్కెటింగ్ వాళ్ళ పద్ధతిలో

లేఆఫ్ అయిన మర్నాటి నుంచి చాలామంది చేసేది ఒకటే, నౌకరీ డాట్ కామ్, లింక్డిన్ లాంటి జాబ్ సైట్లలో కనిపించిన ప్రతిదానికీ అప్లై నొక్కేయడం, రాత్రికి ఎన్ని కొట్టామో లెక్కేసుకోవడం, రెండు వారాలయ్యాక ఒక్క కాల్ కూడా రాలేదేంటని దిగులు పడిపోవడం. నేను మార్కెటింగ్‌లో పనిచేస్తాను, ఎవరికి అమ్ముతున్నామో చూసుకోకుండా యాడ్స్ మీద డబ్బు తగలేసే క్లయింట్లు మాకు రోజూ తగుల్తూనే ఉంటారు, ఇదీ అదే బాపతు. అందుకని ప్రాడక్ట్‌కి మేం చేసే పనులే ఇక్కడ ఎలా వాడాలో చెప్తా, హైదరాబాద్ ఐటీ జాబుల్నే ఉదాహరణగా తీసుకుందాం.

ముందు కొనేవాడెవడో తేల్చుకోండి. నిజానికి ఇద్దరు. మొదట రిక్రూటర్, ఆయన మీ రెజ్యూమే చదవడు, సెర్చ్ చేస్తాడు. స్కిల్ పేరు, ఎన్నేళ్ళ ఎక్స్‌పీరియన్స్, ఏ ఊరు, నోటీస్ పీరియడ్ ఎంత, ఈమధ్య లాగిన్ అయ్యాడా లేదా, ఇవన్నీ ఫిల్టర్లు పెట్టి వచ్చిన లిస్టులో పైనున్నవాళ్ళకి ఫోన్ చేస్తాడు. తర్వాత హైరింగ్ మేనేజర్, ఆయనకి టీమ్‌లో ఏదో పని ఆగిపోయి ఉంటుంది, అది మీరు చేయగలరా అన్నదొక్కటే ఆయన గొడవ. ప్రొఫైల్ మొదటాయన కోసం రాయాలి, ఇంటర్వ్యూలో మాట రెండో ఆయన కోసం ఉండాలి.

ఆరేళ్ళ అనుభవం ఉన్న టెస్టర్ ఒకరున్నారనుకోండి. ప్రొఫైల్‌లో పేరు కింద ఉండే హెడ్‌లైన్‌లో "సీనియర్ ఇంజనీర్, కొత్త అవకాశాల కోసం చూస్తున్నాను" అని ఉంటే ఏ సెర్చ్‌లోనూ తగలరు. దాన్నే "ఆటోమేషన్ టెస్టర్, 6 ఏళ్ళు, సెలీనియం, జావా, ఏపీఐ టెస్టింగ్, బ్యాంకింగ్ డొమైన్, హైదరాబాద్, ఇమ్మీడియట్ జాయినర్" అని మారిస్తే రిక్రూటర్ టైప్ చేసే మాటలన్నీ అందులోనే ఉన్నాయి. ఇంకోటి, ఆ చివర ఉన్న ఇమ్మీడియట్ జాయినర్ అనేదే ఇప్పుడు మీ యూఎస్‌పీ, అంటే మిగతావాళ్ళ దగ్గర లేని మీ ప్రత్యేకత. మన దగ్గర చాలా కంపెనీల్లో నోటీస్ పీరియడ్ 90 రోజులు, ఆఫర్ ఇచ్చాక మూడు నెలలు ఆగితే క్యాండిడేట్ మధ్యలో వేరే ఆఫర్ పట్టుకుని జారిపోతాడని రిక్రూటర్లకి భయం. సోమవారం జాయిన్ అవుతాను అనగలిగినవాడికి అక్కడ మంచి గిరాకీ, లేఆఫ్ అయ్యిందని సిగ్గుపడి ఆ మాట దాచుకోవడం ఏంటో నాకర్థం కాదు. నౌకరీలో ప్రొఫైల్‌ని వారంలో రెండు మూడుసార్లు ఏదో ఒక చిన్న మార్పుతో సేవ్ చేస్తూ ఉండండి, యాక్టివ్ ఫిల్టర్‌లో వస్తారు. లింక్డిన్‌లో ఓపెన్ టు వర్క్, అంటే జాబ్ వెతుకుతున్నానని చెప్పే గుర్తు, రెండు రకాలుగా పెట్టొచ్చు, రిక్రూటర్లకి మాత్రమే కనిపించేలా, లేదా ఫోటో చుట్టూ ఆకుపచ్చ రింగుతో అందరికీ కనిపించేలా. రింగు పెడితే చులకనైపోతాం అనేవాళ్ళున్నారు, నాకైతే పెట్టుకోవడమే మంచిదనిపిస్తుంది, రెఫరల్ ఇవ్వగలిగే పాత కొలీగ్స్‌కి విషయం తెలియాలి కదా.

ఇప్పుడు అసలు సంగతి, ఫన్నెల్, అంటే అప్లై చేసిన దగ్గర్నుంచి ఆఫర్ దాకా ఏ మెట్టులో ఎన్ని జారిపోతున్నాయో చూసుకునే లెక్క. ఒక గూగుల్ షీట్ తెరిచి ఏ కంపెనీ, ఏ రోల్, ఎవరి ద్వారా, కాల్ వచ్చిందా, ఏ రౌండ్ దాకా వెళ్ళింది, ఇవి కాలమ్స్‌గా పెట్టుకోండి. రెండు వారాలకోసారి చూస్తే ఎక్కడ ఆగిపోతున్నారో అదే చెప్పేస్తుంది. కాల్స్ అసలు రాకపోతే తప్పు హెడ్‌లైన్‌లోనో రెజ్యూమేలోనో ఉంది, ఇంకో కోర్స్ చేసి లాభం లేదు. కాల్స్ వస్తున్నాయి, హెచ్ఆర్ మాట్లాడాక సైలెంట్ అవుతున్నారంటే జీతం దగ్గరో ఎందుకు మానేశారు అన్నదాని దగ్గరో తేడా కొడుతోంది. టెక్నికల్ రౌండ్‌లోనే పోతుంటే అప్లికేషన్లు ఆపి ప్రిపరేషన్ మీద కూర్చోండి. ఒకసారికి ఒక్కటే మార్చాలి, అన్నీ కలిపి మార్చేస్తే ఏది పనిచేసిందో తెలీదు.

ఎందుకు మానేశారంటే "ప్రాజెక్ట్ క్లోజ్ అయ్యింది, టీమ్ మొత్తాన్ని తీసేశారు" అని ఒక్క ముక్క చెప్పి చేసిన పని గురించి మొదలుపెట్టండి, పాత మేనేజర్ మీద కథలొద్దు. డేట్లు మాత్రం అటూఇటూ చేయకండి, బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో యూఏఎన్ (ఉద్యోగి పీఎఫ్ నంబర్) ద్వారా పీఎఫ్ హిస్టరీ చూస్తే ఎప్పుడు చేరారో ఎప్పుడు మానారో అక్కడే ఉంటుంది.

రెఫరల్ అడిగేటప్పుడు "అన్నా ఏమైనా ఓపెనింగ్స్ ఉంటే చెప్పు" అని పంపితే వాళ్ళు తప్పకుండా చెప్తాను అంటారు, అంతటితో సరి. పని వాళ్ళ మీద పడేయకుండా ఇలా పెట్టండి: "అన్నా, మీ కంపెనీ కెరీర్స్ పేజీలో ఆటోమేషన్ టెస్టర్ రోల్ ఉంది, లింక్, రెజ్యూమే కింద పెట్టాను. బ్యాంకింగ్ ప్రాజెక్ట్‌లో రిగ్రెషన్ మొత్తం నేనే ఆటోమేట్ చేశాను, నీకు తెలుసుగా. శుక్రవారం లోపు రిఫర్ చేయగలవా?" ఆయన ఫార్వర్డ్ చేస్తే చాలు.

అమెరికాలో హెచ్1బీ వర్క్ వీసా మీద ఉన్నవాళ్ళకి ఇంత తీరిక ఉండదు, జాబ్ పోయాక గ్రేస్ పీరియడ్ 60 రోజుల వరకే. వాళ్ళు మొదటి రోజు నుంచే రెఫరల్స్ మీద పడాలి, వీసాని కొత్త కంపెనీకి మార్చే ట్రాన్స్‌ఫర్ ఫైల్ చేస్తారా అని మొదటి కాల్‌లోనే అడిగేయాలి.

డబ్బు కడితే బ్యాక్‌డోర్‌లో పెట్టిస్తాం అనే కన్సల్టెన్సీల జోలికి పోవద్దు, లేఆఫ్ అయినవాళ్ళ కంగారే వాళ్ళ మార్కెట్. జీతం విషయంలో మీ అంతట మీరే డిస్కౌంట్ మొదలుపెట్టకండి, "పాతదానికంటే తక్కువైనా పర్లేదు" అన్నాక మళ్ళీ పైకి వెళ్ళడం కష్టం, రేంజ్ చెప్పి ఆగండి. ఇంటర్వ్యూ బాగా జరిగింది, సెలెక్ట్ అయ్యారు అని ఫోన్లో చెప్పినంత మాత్రాన మిగతా రౌండ్లు క్యాన్సిల్ చేసుకోవద్దు, ఆఫర్ లెటర్ మెయిల్‌కి వచ్చి జాయినింగ్ డేట్, సీటీసీలో (కంపెనీ చెప్పే ఏడాది మొత్తం ప్యాకేజీలో) ఫిక్స్‌డ్ ఎంతో వేరియబుల్ ఎంతో చూసుకునే దాకా షీట్‌లో ఆ వరుసని ఓపెన్ అనే ఉంచండి.